సార్ పేరు మీద రెండున్నాయి

ప్లెయిన్స్‌బరోలో సలహాలకి ఎప్పుడూ కరువు లేదు. ఇల్లు కొంటున్నామంటే పదిమంది, అమ్ముతున్నామంటే ఇరవైమంది చెప్పడానికి సిద్ధంగా ఉంటారు. రిటైరయ్యాక అమెరికా వదిలేసి పోర్చుగల్‌లో స్థిరపడదామనుకుంటున్నామని నళిని ఒక బారసాలలో నోరు జారింది. అంతే, అక్కడ పులిహోర తింటున్న వాళ్ళందరికీ ఆ క్షణంలోనే పోర్చుగల్ గురించి బోలెడు తెలిసిపోయింది.

ఆ సలహాదారులందరికీ పెద్ద రాజారావు. రెండేళ్ళు స్పెయిన్‌లో ఉండి, మోకాళ్ళ ఆపరేషన్ కోసం వెనక్కి వచ్చేసిన మనిషి. వచ్చినప్పటినుంచీ నెలకో శనివారం క్లబ్‌హౌస్‌లో జనాన్ని కూర్చోబెట్టి క్లాసు పీకుతాడు. ఆయన భార్య పద్మ బజ్జీలు వేయబట్టి జనం వస్తారు గానీ, ఆయన చెప్పేది మాత్రం పనికొచ్చేదే. ముందు నెల రోజులు అద్దెకుండి చూడండి. ఇక్కడి ఇల్లు అప్పుడే అమ్మకండి. ఇక్కడి మెడికేర్ మీ వెంట విమానం ఎక్కదు, అక్కడి ఇన్సూరెన్సు సంగతి ముందే చూసుకోండి. వాళ్ళ భాష నాలుగు ముక్కలైనా నేర్చుకోండి. అన్నిటికంటే ముందు కాగితాలు, మీ పాత కాగితాల్లో ఏముందో మీకే తెలియదు, తీసి చదవండి.

నళిని ఇవన్నీ పొల్లుపోకుండా పాటించింది. బందరులో పుట్టి పెరిగిన మనిషికి ముప్ఫై చలికాలాలు మంచు ఎత్తిపోయడమంటే మాటలు కాదు. లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసి నిరుడు రిటైరయింది. రెండేళ్ళుగా ఫోన్లో పోర్చుగీసు నేర్చుకుంటోంది. అక్కడ తవీరా అనే చిన్న ఊళ్ళో నెల రోజులు అద్దెకుండి, చేపల బజారులో వాళ్ళ భాషలోనే బేరమాడి, సగం సగం అర్థమైనా బోలెడు నవ్వుకుని వచ్చింది. సముద్రం వాసన ముక్కుకి తగలగానే తన వయసు ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోయిందని కూతురు కృతికి ఫోన్లో పదేపదే చెప్పింది. ఇక మిగిలిన జీవితం అక్కడేనని గట్టిగా అనుకుంది. భర్త రామమోహన్‌కి ఆ ఊరు నచ్చిందో లేదో ఇదమిత్థంగా చెప్పలేం. ఇంటర్నెట్ బాగుంది అన్నాడు.

వీసా పని శశికాంత్‌కి అప్పగించారు. కళ్ళముందు పెరిగిన పిల్లాడు, ఇప్పుడు ఎడిసన్‌లో లాయరు. దరఖాస్తులో ముఖ్యుడు రామమోహన్, ఆయన వెంట వచ్చే భార్య నళిని. అలా రాయమని ఎవరూ చెప్పలేదు, ఇంకోలా రాయొచ్చని ఎవరికీ తోచనూలేదు. భార్యగా వెళ్ళాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, అదీ కొత్తగా తీయించి ముద్ర వేయించింది కావాలి అన్నాడు శశికాంత్. పెళ్ళి జరిగింది గోదావరి జిల్లాలో, రామమోహన్ వాళ్ళ ఊళ్ళో. అక్కడి రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చునే పాపయ్య అనే దస్తావేజు లేఖరి నంబరు ఎవరో ఇచ్చారు. నళిని పాత సర్టిఫికెట్ జిరాక్సు ఆయనకి వాట్సాప్‌లో పంపింది.

మంగళవారం ఉదయం ఏడింటికి రామమోహన్ నడకకి వెళ్ళాడు. నళిని పెనం మీద దోశ వేసింది. ఫోన్లో పాపయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నమస్తేనండి మేడం గారు, పాపయ్యనండి. ఆఫీసులోనే ఉన్నానండి. పాత వాల్యూములు తీయించి చూశామండి. సార్ పేరు మీద రెండున్నాయండి. తొంభైమూడు డిసెంబరుదొకటి, తొంభైనాలుగు మే నెలదొకటి. ఏది తీయించమంటారో చెబితే ఫీజు కట్టేస్తానండి."

నళిని మళ్ళీ వింది. రెండేమిటి? పాపయ్యకి వయసు మీద పడి ఉంటుంది. అదే పేరుతో ఊళ్ళో ఇంకొకరుంటారు, తండ్రి పేరు చూడండి అని రాసింది. జవాబు రావడానికి నిమిషం కూడా పట్టలేదు.

"చూశానండి. తండ్రి పేరు అదేనండి, ఇంటి నంబరూ అదేనండి. కాకపోతే మొదటిదాంట్లో మేడం గారి పేరు రాధారాణి అని పడిందండి. తమకి ఇంకో పేరేమైనా ఉందాండి? లేదంటే నేమ్ కరెక్షన్ పెట్టిద్దామండి, పెద్ద పని కాదండి."

దాని వెనకే ఒక ఫొటో. పసుపు తేలిన దరఖాస్తు కాగితం, దాని మూల అంటించిన చిన్న జంట ఫొటో. మీసాల రామమోహన్‌ని నళిని ఎక్కడైనా పోల్చుకుంటుంది. పెళ్ళిచూపులకి వేసుకొచ్చిన గళ్ళ చొక్కానే వేసుకున్నాడు. పక్కన మెళ్ళో దండతో, పొడుగాటి ముఖంతో, కెమెరావైపు సూటిగా చూస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయి నళిని కాదు.

నళిని వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. దోశ మాడింది. పొగకి అలారం కీచుమని కూయడం మొదలుపెట్టింది. ఆవిడకి అది వినపడుతూనే ఉంది గానీ, ఆపాలని తోచలేదు.

రామమోహన్ తలుపు తీసుకుని పరుగున వచ్చి, తువ్వాలు విసిరి అలారం ఆపాడు. కిటికీలు తెరిచాడు. "ఏమైంది? ఇల్లు తగలబెడతావా?" అన్నాడు.

నళిని ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. ఇప్పుడు ముఖం మాడిపోతుంది, లేదా నాకేం తెలియదని బుకాయిస్తాడు అనుకుంది నళిని. రెండిటికీ సిద్ధపడింది. ఆయన కనుబొమ్మలు ఎగరేశాడు.

"అరె, ఇదింకా ఉందా!"

పాత సైకిలేదో అటక మీద కనబడ్డట్టు అన్నాడు.

"ఎవరీ అమ్మాయి?" అని అడిగేసరికి ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"నీకంటే ముందు అనుకున్న సంబంధం. అది పెళ్ళి కాదు నళినీ, వీసా కోసం కాగితం. అప్పట్లో అందరూ చేసినదే. మాకు సెలవు దొరికేది ఏడాదికి మూడు వారాలు. పెళ్ళయ్యాక రిజిస్టర్ చేసి, వీసాకి అప్లై చేసి, పిలుపు వచ్చేసరికి పెళ్ళికూతురు ఇండియాలో ఆర్నెల్లు కూర్చోవాలి. అందుకని సంబంధం కుదరగానే ఓ దండ వేయించి, ఫొటో తీయించి, రిజిస్టర్ చేసేసేవాళ్ళం. తాళి తర్వాత ముహూర్తానికి. డిసెంబర్లో వెళ్ళి సంతకాలు పెట్టాను, ఫిబ్రవరిలో సంబంధం తప్పిపోయింది. అంతే!"

"రద్దు చేయించలేదా?"

"రద్దు దేనికి? తాళి కట్టలేదు, తలంబ్రాలు పోయలేదు. పెళ్ళే కానిదానికి విడాకులేమిటి? అమ్మ అదే అంది, నాకూ నిజమే అనిపించింది. నేనెప్పుడో మర్చిపోయాను."

నళినికి ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలయింది. మే తొమ్మిదిన పెళ్ళిచూపులు, ఇరవై రెండున పెళ్ళి. పదమూడు రోజుల్లో కల్యాణ మండపం ఎలా దొరికిందని బందరులో చుట్టాలంతా ఆశ్చర్యపోయారు. అమెరికా అల్లుడంటే మాటలా అన్నాడు నాన్న.

"మన పెళ్ళి మండపం ఎప్పుడు మాట్లాడారు?" అంది.

రామమోహన్ ఫ్రిజ్ తలుపు తీసి నీళ్ళ సీసా కోసం వెతికాడు. "ఎప్పుడో... డిసెంబర్లోనే అనుకుంటా. అన్నీ మాట్లాడేసి ఉన్నాయి కదా. నా సెలవు కూడా శాంక్షన్ అయిపోయింది. మళ్ళీ అడిగితే మేనేజరు ఇచ్చేవాడు కాదు."

పెళ్ళి ముందు రోజు అత్తగారు ఇచ్చిన పట్టుచీరకి రవిక కుట్టించే ఉంది. భుజాలు జారిపోయేంత వదులు. "మా దర్జీ వెధవ కొలతలు తప్పాడమ్మా" అని అత్తగారే కూర్చుని ఆరు పిన్నులు పెట్టింది. తలంబ్రాలు పోస్తున్నంతసేపూ ఒక పిన్ను వీపులో గుచ్చుకుంటూనే ఉంది. ఆ దర్జీ కొలతలేమీ తప్పలేదు. ఎవరి కొలతకి కుట్టమన్నారో వాళ్ళ కొలతకే సరిగ్గా కుట్టాడు.

"ఇంత మాత్రానికి అలా అయిపోతావేం? పాపయ్యకి మన సర్టిఫికెటే తీయమని చెప్పు" అన్నాడు రామమోహన్. తర్వాత పొగ పోయిందో లేదో చూసి, "ఇంకో దోశ వెయ్యి, ఆకలేస్తోంది" అన్నాడు.

నళిని వేసింది. అదే ఆవిడకి తర్వాత చాలాసేపు మింగుడుపడలేదు, చెప్పగానే తన చెయ్యి వెళ్ళి గరిటె పట్టుకోవడం.

పాపయ్యకి మన సర్టిఫికెటే తీయమంటే సరిపోలేదు. మర్నాడు ఆయన నసుగుతూ ఇంకో సందేశం పంపాడు. రెండూ రిజిస్ట్రార్ గారి కంటబడ్డాయనీ, మొదటి పెళ్ళి కోర్టులో తేల్చుకుని వస్తే తప్ప రెండోదాని కాపీ ఇవ్వనంటున్నారనీ, తనవల్ల తప్పేమీ లేదనీ చెప్పాడు.

గురువారం సాయంత్రం శశికాంత్ కంప్యూటర్లో వీడియోలోకి వచ్చాడు. విషయం విన్నాక గడ్డం గోక్కున్నాడు.

"ఓకే. పూజ అదీ జరగలేదు కాబట్టి ఫస్ట్ మ్యారేజ్ వాలిడ్ కాదు అని కోర్ట్ అనొచ్చు. అనకపోవచ్చు. అది ఇండియాలో లాయర్ చెప్పాలి. బట్ పేపర్ ఉంది కదా అంకుల్. పేపర్ ఉన్నంతవరకు ఆంటీ మీ వైఫ్ అని నేను ఫైల్ చేయలేను."

"అంటే నేనేమిటి శశీ?" అంది నళిని.

వాడు ఇబ్బందిగా కదిలాడు. "పేపర్ మీదనా ఆంటీ? పేపర్ మీద... మీరు సింగిల్ కావచ్చు."

నళినికి నవ్వొచ్చింది. యాభై అయిదేళ్ళు, కృతికి ఇరవై ఏడు, ఇంటి అప్పు తీర్చి ఆరేళ్ళు. సింగిల్! ఆ నవ్వుకి దగ్గొచ్చింది. రామమోహన్ ఆవిడ వీపు మీద తట్టి, "టెక్నికల్ మాట, పట్టించుకోకు" అన్నాడు.

శశికాంత్ ఇంకా ఏదో రాసుకుంటూ తల ఎత్తాడు. "అంకుల్, మీ గ్రీన్ కార్డ్ ఫామ్, సిటిజన్‌షిప్ ఫామ్... అందులో హౌ మెనీ టైమ్స్ మ్యారీడ్ అని ఉంటుంది. ఏం రాశారు?"

"ఒకసారి అని. ఇంకేం రాస్తాను?"

శశికాంత్ పెన్ను కింద పెట్టాడు. "దాని గురించి ఇప్పుడు కాల్‌లో వద్దు. ఐ విల్ గివ్ యూ ఎ నేమ్. ఆ లాయర్‌తో మాట్లాడండి. ఆంటీకి తెలీదు కదా, ఆంటీది వేరే విషయం."

అప్పుడు చూసింది నళిని, ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ చూడనిది. రామమోహన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నుదురంతా చెమట. పెదాలు తడుపుకుంటున్నాడు. "నా సిటిజన్‌షిప్ పోతుందా శశీ? నా సోషల్ సెక్యూరిటీ పెన్షను?" అని రెండుసార్లు అడిగాడు. లేచి గ్లాసెడు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. గ్లాసు పళ్ళకి తగిలి చప్పుడయింది.

ఈయనకి భయపడటం వచ్చన్నమాట! నళిని గుడ్లప్పగించి చూసింది. తన భార్య తన భార్య కాకుండా పోయిందని తెలిసిన పూట దోశ అడిగిన మనిషి, తన ఫారంలో ఒక గడి తప్పు పడిందనేసరికి వణికిపోతున్నాడు. రాధారాణి ఫొటో చూసినప్పుడు కూడా ఆవిడకి ఇంత దిమ్మ తిరగలేదు. ఆ ఫొటో ముప్ఫై ఏళ్ళనాటిది, ఈ చెమట ఇప్పటిది.

ఆ రాత్రి ఆవిడ కృతి గదిలో పడుకుంది. ఎందుకని రామమోహన్ అడగలేదు.

కోర్టుకి వెళ్ళాలంటే రాధారాణి సంతకం కావాలి. చిన్న ఊరు కాబట్టి పాపయ్య రెండు రోజుల్లో ఆవిడ నంబరు సంపాదించాడు. రాజమండ్రిలో ఉంటోందట, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిందట. ఫోన్ చేయమంటే రామమోహన్ చేతులెత్తేశాడు. "నేను మాట్లాడితే బాగుండదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకోండి" అన్నాడు.

శనివారం పొద్దున్నే నళిని ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో ఒక కాగితం మీద రాసుకుని మరీ చేసింది. తన పేరు, భర్త పేరు చెప్పగానే అవతలినుంచి "వీడియో పెట్టనా అమ్మా? మిమ్మల్ని ఒక్కసారి చూడాలని ఎప్పట్నుంచో ఉంది" అంది ఆ గొంతు.

అదే పొడుగాటి ముఖం, నెరిసిన జుట్టు, అదే సూటి చూపు. వెనక గోడకి మనవడు గీసిన బొమ్మలున్నాయి.

"సంతకానికేమమ్మా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. నాకూ వదిలిపోతుంది. నా పెళ్ళి నేను ఇప్పటిదాకా రిజిస్టర్ చేయించుకోలేదు, పాతది ఎక్కడ బయటపడుతుందోనని. మా ఆయనకి మొదట్లోనే చెప్పాను, పాపం నవ్వేసి ఊరుకున్నారు. మీ ఆయన్ని రద్దుకి సంతకం పెట్టమని అమెరికాకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు."

నళిని కాగితం మీద రాసుకున్నదంతా మర్చిపోయింది. "సంబంధం ఎందుకు తప్పిపోయిందండీ?" అంది.

"నాకు కాలేజీలో అప్పుడే ఉద్యోగం వచ్చింది. ఒక్క ఏడాది ఆగుదామన్నాను. మీ అత్తగారు వచ్చి మా హాల్లో కూర్చుని, ముహూర్తం మార్చడం కుదరదు, కావాలంటే పెళ్ళికూతుర్ని మార్చుకుంటాం అన్నారు. ఉత్తుత్తినే బెదిరిస్తున్నారనుకున్నాం. నిజంగానే మార్చుకున్నారు." రాధారాణి నవ్వింది, కోపంగా కాదు. "మీ మీద నాకేం లేదమ్మా. మీరన్నీ తెలిసే చేసుకున్నారు కదా. నిజం చెప్పాలంటే, ఎంత ధైర్యం ఈ అమ్మాయికి అని అప్పుడు ఆశ్చర్యపోయాను."

"నాకు తెలియదండీ. నాకు మంగళవారం తెలిసింది."

రాధారాణి ముఖంలో నవ్వు పోయింది. ఆవిడ ఫోనుకి దగ్గరగా వంగింది.

"అదేమిటి? మీ పెళ్ళికి వారం ముందు మీ నాన్నగారికి ఉత్తరం రాశానే! కాగితాల ప్రకారం నేనింకా అతని భార్యనే, ముందు అది తెంపించి అప్పుడు మీ అమ్మాయినివ్వండి అని. నాకు జవాబు కూడా వచ్చింది."

"జవాబా? ఎవరి దగ్గర్నుంచి?"

"ఉండండి, నా దగ్గరే ఉంది. ఎప్పటికైనా అవసరం పడుతుందని దాచాను."

ఆవిడ వెళ్ళి వచ్చేదాకా నళిని ఆ గోడ మీది బొమ్మల్నే చూస్తూ కూర్చుంది. పోస్టుకార్డు కెమెరా ముందుకి వచ్చింది. చదవక్కర్లేకుండానే ఆ చేతిరాత నళిని గుండెల్లో గుచ్చుకుంది. కుడివైపుకి ఒరిగిన గుండ్రటి అక్షరాలు. ఆవిడకి ఓనమాలు దిద్దబెట్టింది ఆ చెయ్యే. రాధారాణి నెమ్మదిగా చదివింది.

"మీరు రాసిన విషయం మాకు ముందే తెలుసు. మా చిరంజీవి నళినికి కూడా పూర్తిగా తెలియజేశాము. అమ్మాయికి ఎట్టి అభ్యంతరమూ లేదు. ఇక మీరు దయచేసి ఈ విషయమై ఎవరికీ రాయవద్దని ప్రార్థన."

నళినికి ఏడుపు కూడా రాలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. మా నాన్న నన్నడక్కుండా నాకు గౌను కూడా కొనలేదు అని కృతికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ నాన్న, నీలం ఇంకుతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా, కూతురి బదులు తనే ఒప్పేసుకున్నాడు. మొగుడు దాచాడంటే మొగుడు కాబట్టి దాచాడు అనుకోవచ్చు. ఇది ఎలా అనుకోవాలో ఆవిడకి తెలియలేదు. ఒకవేళ అడిగి ఉంటే తను ఏమనేది? అదీ తెలియలేదు. సరేననే అనేదేమో. అమెరికా అంటే అప్పట్లో తనకీ సరదాయే. అది తలుచుకుంటే ఇంకా మండింది. సరేనని తన నోటితో అనే అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు.

"అమ్మా, ఉన్నారా?" అంటోంది రాధారాణి. "మీకు తెలియదని నాకు తెలిస్తే నేనే బందరు వచ్చేదాన్ని. నిజంగా వచ్చేదాన్నమ్మా."

"వచ్చేవారు. మీ ముఖం చూస్తే తెలుస్తోంది" అంది నళిని.

సోమవారం పదకొండింటికి ఎడిసన్‌లో శశికాంత్ ఆఫీసు. రామమోహన్ ఈ మూడు రోజుల్లో కోలుకున్నాడు. సిటిజన్‌షిప్ సంగతి చూసే ఇంకో లాయరు, కంగారు పడకండి, అన్నీ చూసి చెబుతాను అన్నాడట. దాంతో ఆయనకి పాత గొంతు తిరిగొచ్చింది. కారులో దారి పొడుగునా పోర్చుగల్‌లో ఏ బ్యాంకులో ఖాతా తెరవాలో రాజారావు చెప్పిన సంగతులు వల్లె వేశాడు. పోస్టుకార్డు సంగతి నళిని శనివారమే చెప్పింది. "మీ నాన్నగారు తెలివైనవారు, అనవసరంగా నీ మనసు పాడుచేయలేదు" అన్నాడు.

శశికాంత్ ఒక కాగితం మీద గీతలు గీసి వివరించాడు. "సో, రాధారాణి గారు సైన్ చేస్తారు. ఇండియాలో కోర్ట్ కేస్ వేస్తాం. ఎయిట్ మంత్స్ కావచ్చు, వన్ ఇయర్ కావచ్చు. అది అయిపోయాక మీరిద్దరూ ఇక్కడే మునిసిపల్ బిల్డింగ్‌లో మ్యారేజ్ చేసుకుంటే బెస్ట్. ఫ్రెష్ సర్టిఫికెట్ వస్తుంది, ఎవరూ క్వశ్చన్ చేయరు. అప్పుడు పోర్చుగల్‌కి ఫైల్ చేద్దాం."

"వెరీ గుడ్. గంట పని. నళినికేముంది, రెడీనే. నువ్వు ఆ పేపర్లు ఇప్పుడే రెడీ చేసి పెట్టెయ్" అన్నాడు రామమోహన్.

శశికాంత్ రాసుకోబోయి ఆగాడు. నళిని వైపు తిరిగాడు. "ఆంటీ? మీకు ఓకేనా? ఇది నేను మిమ్మల్ని అడగాలి. ఇద్దర్నీ అడగాలి, అది రూల్."

వాడికది రూలు. నళిని మాత్రం కుర్చీలో నిటారుగా అయిపోయింది. ఆ ప్రశ్న అంత మామూలుగా, ఆఫీసు బల్ల మీదనుంచి వస్తుందని ఆవిడ అనుకోలేదు. నోరు తెరిచింది. సరేనని వస్తుందనే అనుకుంది, ముప్ఫై ఏళ్ళుగా వస్తున్న మాటే కదా. వచ్చింది ఇంకోటి.

"శశీ, ఈ పోర్చుగల్ అప్లికేషన్‌లో మెయిన్ పేరు నాది పెడితే ఏమవుతుంది?"

శశికాంత్ కళ్ళు చిట్లించాడు. "మీదా? మీకు లైబ్రరీ పెన్షన్ ఉంది కదా..." కంప్యూటర్ వైపు తిరిగి టకటకా ఏదో కొట్టాడు, చదివాడు, మళ్ళీ చదివాడు. "పెన్షన్ సరిపోతుంది ఆంటీ. మీరు ఆల్రెడీ అక్కడ ఇల్లు చూశారు, లాంగ్వేజ్ కూడా... మనం ఫస్ట్ నుంచీ అంకుల్‌ది ఎందుకు పెట్టాం?"

నళిని కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.

"మరి మ్యారేజ్ సర్టిఫికెట్?" అంది.

"ఒకరి వైఫ్‌గా వెళ్ళేవాళ్ళకే అది కావాలి. మీరే మెయిన్ అయి, ఒక్కరే వెళ్తే ఆ పేపర్ అక్కర్లేదు. నెక్స్ట్ వీక్ ఫైల్ చేయొచ్చు."

రామమోహన్ నవ్వాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. నవ్వు ఆపేశాడు. "ఏమిటి నళినీ ఇది? వేళాకోళమా?"

వేళాకోళం కాదని ఆవిడకీ అప్పుడే తెలుస్తోంది. తన నోట వచ్చిన మాటకి అందరికంటే ఎక్కువ అదిరిపోయింది తనే. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుంది. భయమే. కానీ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

"పెట్టెయ్ శశీ, నా ఒక్కదానికే" అంది.

"మరి నేనో?" అన్నాడు రామమోహన్. ఆ గొంతు కంప్యూటర్ ముందు చెమటలు పట్టిననాటి గొంతు.

"మీ సంగతి కోర్టులో తేలనివ్వండి. ఆ తర్వాత కావాలంటే తవీరా వచ్చి నన్నడగండి. ఆలోచించి చెబుతాను."

రామమోహన్ కుర్చీలో ముందుకి జరిగాడు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఉన్నదల్లా అయోమయం.

"ఏమని అడగాలి?" అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడు.